బాలసాహిత్యము: అచ్చుకూటము నుండి పిల్లల చేతికి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున కూర్చిన ప్రసంగ పాఠము)

 

తాళ్లపాక అన్నమాచార్యులు బాల్యమునందే ఇల్లు విడిచి వచ్చి, ఈ అలిపిరి కడ నుండియే తిరుమల కొండ నెక్కెనని పెద్దలు చెప్పుదురు. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై పాడిన సంకీర్తనలు వేలకొలదిగా రాగిరేకులపై చెక్కబడినవి. ఆ రేకులు కొండమీది సంకీర్తన భాండారమను చిన్న గదిలో చేరి, శతాబ్దముల తరబడి లోకమునకు కానరాక యుండెను. 20వ శతాబ్దమున దేవస్థానము వారు వానిని వెలికి తీయించి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులచేత పరిష్కరింపజేసి అచ్చు వేయించిన పిదపనే అవి మరల జనుల నోట నిలిచినవి. రచన యెంత గొప్పదైనను గదిలో నున్నంతకాలము అది రాగియే. తలుపు తెరచి పదిమందికి అందించువారు కలిగిననాడే అది పాట.

నేటి తెలుగు బాలసాహిత్యమునకు పట్టిన అవస్థ యిట్టిదే. పిల్లలకై కథలు వ్రాయువారు లేకపోలేదు. వారిలో పలువురు పల్లె బడుల అయ్యవార్లు. స్వంత జీతములోని రొక్కముతో ఐదువందలో వేయియో ప్రతులు అచ్చు వేయింతురు. ఆవిష్కరణ సభ జరుగును. మిత్రులకు వంద ప్రతులు పంచుదురు. పుస్తకపు అంగళ్లలో కొన్ని ఉంతురు. తక్కినవి కట్టలు విప్పకయే అటక యెక్కును. రెండు వానకాలములు గడచునప్పటికి చెదలు వానిని చదువ మొదలిడును. ఇంకొక వైపున, పాఠ్యపుస్తకము తప్ప వేరొక తెలుగు పుస్తకము చేత పట్టని పిలకాయలు ఊరూర కలరు. ఆ అటకకును ఈ చేతికిని నడుమ గల దూరము తగ్గించు మార్గములను గూర్చియే ఈ ప్రసంగము.

మొదట లెక్క చూడవలెను. లెక్క తెలియని రచయిత అప్పులపాలగును. ముప్పదిరెండు పుటల బొమ్మల పుస్తకమొకటి కలదనుకొనుడు. చిత్రకారుని పారితోషికము, అక్షరముల కూర్పు మొదలైనవానికి కలిపి 20,000 రూపాయలు పట్టినదనుకొందురు గాక. ఈ వ్యయము ఎన్ని ప్రతులు వేసినను మారదు. కాగితమునకును కుట్టుపనికిని ప్రతి ఒక్కింటికి 20 రూపాయలు. ఐదువందల ప్రతులు వేసినచో ఒక్కొక్క పుస్తకమునకు అడుగు ఖర్చు 60 రూపాయలు. రెండువేల ప్రతులు వేసినచో 30 రూపాయలే. పుస్తకమునకు 60 రూపాయలు వెల పెట్టి, అంగడివానికి నూటికి 40 వంతున తరుగు ఇచ్చినచో రచయితకు వచ్చునది 36 రూపాయలు. అనగా ఐదువందలు వేసినవానికి ప్రతి పుస్తకముపై 24 రూపాయల నష్టము. రెండువేలు వేసినవానికి 6 రూపాయల మిగులు. అదే పుస్తకమును ఒక బడియో గ్రంథాలయమో నేరుగా వంద ప్రతులు కొని, నూటికి 25 వంతున తగ్గింపు పొందినను, రచయితకు 45 రూపాయలు చేరును. మిగులు 15 రూపాయలు. కొనువానికి చౌక, వ్రాసినవానికి లాభము. ఒక్కొక్క ప్రతిగా అమ్మిన దానికంటె మొత్తముగా అమ్మిన దానియందలి మేలు ఇదియే.

కావున రచయిత మొదట చేయవలసినది అచ్చు వేయించుట కాదు, కొనువారిని సమకూర్చుకొనుట. ఈ యుపాయము తెలుగువారికి క్రొత్త గాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారుల ఆదరమును నమ్ముకొనియే గ్రంథమాలను నడపెను. కర్నూలు వాస్తవ్యులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర ఆ మాలలోని తొలి పుష్పము. తరువాతి కాలమున ఎమెస్కో వారు ఇంటింట గ్రంథాలయమను పథకముతో ఇండ్లకే పుస్తకములు చేరవేసిరి. నేటి బాలరచయిత ముప్పది బడుల ప్రధానోపాధ్యాయులకు నమూనా కథయు రెండు బొమ్మలును పంపి, అచ్చునకు ముందే ఏబదేసి ప్రతులకు మాట పుచ్చుకొనినచో, 1,500 ప్రతులకు దారి యేర్పడినట్లే. మిగిలిన ఐదువందలు అంగళ్లకును సంతలకును చాలును.

పరదేశముల వారు ఈ విషయమున చేసిన యుక్తులు తెలిసికొనదగినవి. 1744లో లండను నగరమున జాన్ న్యూబరీ యను వర్తకుడు పిల్లలకై చిన్న జేబు పుస్తకమొకటి ప్రకటించెను. పుస్తకమునకు ఆరు పెన్నీలు; మరి రెండు పెన్నీలు చేర్చినచో మగపిల్లలకు బంతి, ఆడపిల్లలకు గుండుసూదులు గ్రుచ్చు దిండు. ఆటవస్తువు చెంత నుండుటచే పుస్తకము ముద్దుగా తోచినది. అమెరికాలో మేసన్ వీమ్స్ అను మతబోధకుడు బండిలో పుస్తకములు నింపుకొని ఊరూర తిరిగి ఉపన్యసించి అమ్మెడివాడు. ఆయన 1800లో వాషింగ్టను చరిత్ర వ్రాసి తానే మోసికొని తిరిగెను. బాలుడైన వాషింగ్టను చెర్రీ చెట్టును నరికి నిజము చెప్పెనను కథను తరువాతి ముద్రణలో చేర్చినదియు ఆయనయే. సత్యము పలుకుమని చెప్పు ఆ కథకు ఆధారము లేదని పండితులు తేల్చిరి! ఇంగ్లండు దేశమున బీట్రిక్స్ పాటర్ అను వనిత వ్రాసిన కుందేటి కథను ప్రకాశకులు నిరాకరింపగా, ఆమె 1901లో స్వంత వ్యయముతో 250 ప్రతులు వేయించెను. మరుసటి యేడు ఒక ప్రకాశక సంస్థ దానిని చేపట్టెను. 1903లో ఆమె ఆ కుందేటి బొమ్మకు హక్కుపత్రము పొందెను. బొమ్మయు పుస్తకమును ఒకదాని నొకటి అమ్ముకొనును.

తెలుగునాట జరిగినవి చూచినను ఈ సూత్రములే కానవచ్చును. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లలకు పరిచితులై, బాలానంద సంఘమును నడపి, 1945లో 'బాల' పత్రికను వెలువరించిరి. వినువారు ముందే యేర్పడిరి. చదువువారు వారిలో నుండి వచ్చిరి. 1947 జూలైలో చక్రపాణిగారితో కలిసి 'చందమామ'ను ఆరంభించిన బి. నాగిరెడ్డిగారు కడప జిల్లా వారు. 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకమండలికి అధ్యక్షులుగా నుండినవారు. చందమామ నేడు వెలువడుట లేదు. ఐనను నెలనెల తప్పక వచ్చుట, ప్రతి పుటలో బొమ్మ యుండుట, పల్లెలలో సైతము ఏజెంటు ఉండుట అను మూడు గుణములచే అది దశాబ్దముల పాటు ఇండ్లలో నిలిచినది. 1953లో విజయవాడలో నెలకొన్న విశాలాంధ్ర ప్రచురణాలయము వారు సోవియట్ దేశపు పిల్లల పుస్తకములను అతి చౌకగా అమ్మిరి. వాన్లలో పుస్తకములు నింపి పట్టణముల కూడళ్లలో నిలిపిరి. 1991లో ఆ దేశము విచ్ఛిన్నమగుటతో ఆ పుస్తకముల రాకయు ఆగెను. పరుల దానముపై ఆధారపడిన చౌక శాశ్వతము కాదని దీనివలన గ్రహింపవలెను.

ఇటీవలి కాలమున సికింద్రాబాదులోని మంచి పుస్తకము సంస్థ వారు పలుచని, తక్కువ వెలగల పుస్తకములు వేసి, తపాలా ద్వారాను ప్రదర్శనల ద్వారాను అందించుచున్నారు. అమెరికాలోని తెలుగువారి సంఘమైన తానా వారితో కూడి పిల్లల నవలలకును బొమ్మల కథలకును పోటీలు పెట్టి అచ్చు వేసిరి. గాజుల సత్యనారాయణగారు కూర్చిన పెద్దబాలశిక్ష పలు ముద్రణలు పొందినది. బహుమానముగా నిచ్చుటకు కొనువారుండుటయు ఆ ఆదరమునకు ఒక కారణము. ఒక పుస్తకము చదువుకొనుటకే గాక ఇచ్చుటకును తగినదైనచో దాని విక్రయము ఇనుమడించును.

ఇక అలిపిరికి తగిన మార్గములను విచారింతము గాక. ఇచటి పాదాల మండపము చెంత నిత్యము వేలకొలది యాత్రికులు ఆగుదురు. తిరుమలకు కాలినడకన పోవువారికి ఇది మొదటి మెట్టు. ఇట నుండి పైకి సుమారు 3,550 మెట్లు. వారిలో పసిబిడ్డల పుట్టువెండ్రుకలు తీయించుటకు వచ్చు కుటుంబములు లెక్కకు మించినవి. తెలుగు, తమిళము, కన్నడము మాట్లాడువారు కూడ వత్తురు. బిడ్డ పేర ఆ రోజున బొమ్మలు, బెలూనులు, ప్లాస్టిక్ బండ్లు కొందురు. సాయంకాలమునకు అవి విరుగును. తలనీలాలిచ్చిన బిడ్డ పేరును తేదీని వ్రాసికొనుటకు మొదటి పుటలో చోటు విడిచిన చిన్న కథల పుస్తకమొకటి ఉన్నచో, అది ఆ యింట పదియేండ్లు నిలుచును. అట్టి కుటుంబము ఊరికి పోయి బంధువుల పిల్లలకు పంచుటకు పది ప్రతుల కట్ట కొనుటయు సహజమే. దేవస్థానము వారి అనుమతి పొంది, తగిన చోటనే అమ్మవలెను. మెట్లపై యాత్రికుల కడ్డుపడి బలవంతపెట్టుట కూడదు. అట్టి పుస్తకమునకు కథావస్తువు వెదకికొని పోనక్కరలేదు. అన్నమయ్య బాల్యము కలదు. తరిగొండ వెంగమాంబ జీవితము కలదు. శేషాచలపు చెట్లు, పక్షులు, బంగారు బల్లి కలవు. భక్తి గ్రంథముల ముద్రణకు రచయితలకు దేవస్థానము వారు ఆర్థిక సహాయము చేయు పద్ధతియు కలదు, దానిని వినియోగించుకొనవచ్చును.

రెండవది జాతరలు. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చుట్టుప్రక్కల పల్లెలన్నియు కదలి వచ్చును. జాతరలో పుస్తకపు అంగడి పెట్టువాడు బల్లవెనుక మౌనముగా కూర్చున్నచో అమ్ముడుపోవు. కథ చెప్పవలెను. బుర్రకథ, హరికథ, తోలుబొమ్మలాట పుట్టిన నేల యిది. పావుగంట కథ చెప్పి, ముగింపు పుస్తకములో నున్నదని ఆపిన రచయితను పిల్లలు విడిచి పెట్టరు.

మూడవది బడులు. నవంబరు 14వ తేదీ బాలల దినోత్సవము. ఆనాటి నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు. ఆగస్టు 15, జనవరి 26 తేదీలలో ఆటపాటల బహుమతులు. ప్రతి బడిలోను గిన్నెలు, సబ్బుపెట్టెలు, కలములు బహుమతులుగా నిచ్చుచుందురు. ఆ గిన్నె వెలతోనే రెండు కథల పుస్తకములు వచ్చునని నెల ముందుగా దాతకు తెలుపువాడు లేక ఆ రొక్కము పాత్రల అంగడికి పోవుచున్నది. ఇదిగాక, 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకమునందు ప్రభుత్వ పాఠశాలల గ్రంథాలయములకు, బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుండి 20,000 రూపాయల వరకు గ్రాంటు ఏర్పాటు చేయబడినది. 1972లో స్థాపితమైన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ సంస్థ సహాయముతో రాష్ట్రములు పుస్తకములు కొనుచుండును. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై వసూలగు సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు ఆధారము. ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును తెలిసియో తెలియకయో పుస్తకములకు చందాదారుడే. తన చందాతో పిల్లలకు ఏ పుస్తకములు వచ్చినవని అడుగుటకు అతనికి హక్కు కలదు.

నాలుగవది తపాలా. పుస్తకములకు చౌకగా నుండిన రిజిస్టర్డు బుక్ పోస్టు 2024 డిసెంబరులో రద్దయినది. చిన్న ప్రకాశకులకు అది పెద్ద దెబ్బ. 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ అను సేవ ఆరంభమైనది. ఆరంభమునాటి రేట్ల ప్రకారము 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోల కట్టకు 100 రూపాయలు, పన్ను అదనము. వంద గ్రాముల పుస్తకమును ఒక్కటిగా పంపినచో తపాలా ఖర్చు 20 రూపాయలు. ఏబది ప్రతుల కట్టగా పంపినచో ఒక్కొక్కదానికి రెండే రూపాయలు. పది యిండ్లవారు వేరువేరుగా తెప్పించుకొనుటకు బదులు గ్రంథాలయము పేర ఒకే కట్టగా తెప్పించుకొనినచో అందరికిని మేలు.

ఇంతవరకు అమ్ముట గూర్చి చెప్పబడినది. అమ్మకూడని తీరు గూర్చియు చెప్పవలెను. బడిలో చేరునాడే పిల్లవానికి పుస్తకము అంటగట్టి తండ్రి చేత రొక్కము కట్టించుట విక్రయము కాదు, పన్ను. కూలికి పోవు తల్లికి అరువది రూపాయలు ఒక పూట గ్రాసము. కొనలేని పిల్లవానిని తరగతిలో నిలబెట్టినచో, ఆ పిల్లవాడు జీవితమున పుస్తకమును ప్రేమింపడు. కొనుగోలు సంఘములలోని వారికి లోపాయికారిగా వంతులిచ్చి నాసిరకపు పుస్తకములను వేలకొలది అంటగట్టువారును కలరు. అట్టి పుస్తకములు బీరువాలో చేరి తాళము పడును. బీరువాకును అటకకును భేదమేమి? వేయి ప్రతులు అమ్మితినని సంతసించు రచయిత, అందులో ఎన్ని ప్రతుల మూలలు నలిగినవో కూడ విచారింపవలెను. నలిగిన మూలయే పిల్లవాడు ఇచ్చు యోగ్యతాపత్రము. మంచి మార్గమేదనగా, పది ప్రతులు కొన్నవారికి ఒక ప్రతి ఉచితముగా నిచ్చి, ఆ ప్రతిని కొనలేని పిల్లవానికే ఇయ్యవలెనని నియమించుట.

పుస్తకము మంచిదైననే గాని ఏ యుపాయమును రెండవమారు పనిచేయదు. పిల్లలు మొగమాటమెరుగరు. తమ యింటి మాట, తమ వీథి మనుష్యులు, తమ మేకలు, తమ చింతచెట్లు కథలో కానవచ్చినచో కండ్లు విప్పి చదువుదురు. మిట్టూరు పిలకాయల పలుకును నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు కథలలో నిలిపి, చిత్తూరు సీమ మాటకును అచ్చునందు చోటు కలదని చూపిరి. అచ్చునకు పంపక పూర్వము వ్రాతప్రతిని పదిమంది పిల్లలకు చదివి వినిపించిన రచయితకు ఎచట ఆవులించిరో, ఎచట నవ్విరో తెలియును. ఆ పదిమందియే మొదటి విమర్శకులు. వారే మొదటి విక్రేతలు.

గ్రంథాలయము ఇందు చేయవలసిన పని యేమి? 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినపుడు, గ్రంథాలయమనగా పుస్తకములు దాచు చోటని వారు తలంపలేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువపై పడవలో గ్రంథాలయము నడపిరి. ఒడ్డున నున్న పల్లెవాడు నగరమునకు పోలేడు గనుక పుస్తకమే పల్లెకు పోయినది. ఆ త్రోవలో ఈ గ్రంథాలయము మూడు పనులు చేయవచ్చును. మొదటిది, చుట్టుప్రక్కల బడులును గ్రంథాలయములును కలిసి ఏడాదికొకమారు ఉమ్మడి జాబితా వ్రాసి, రచయితల నుండి నేరుగా కొనుట. రెండవది, పెండ్లికి, షష్టిపూర్తికి, పుట్టినరోజునకు దాతలు పది పిల్లల పుస్తకములు సమర్పించు ఆచారము నెలకొల్పి, దాత పేరు లోపలి అట్టపై అతికించుట. మూడవది, నెలకొక ఆదివారము కథా కాలక్షేపము జరిపి, రచయితను పిలిచి, రాకపోకల ఖర్చు నిచ్చి, ఇష్టపడినవారే పుస్తకము కొనునట్లు చూచుట.

ఇరువదియైదు ఏండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు తలుపు తెరచినపుడు అరుగుపై కూర్చుండి బొమ్మలు చూచిన పిల్లలు నేడు తల్లిదండ్రులై తమ పిల్లలతో ఈ సభకు వచ్చినారు. ఈ పిల్లల చేతికి నేడు ఏ పుస్తకము అందునో దానిని బట్టియే స్వర్ణోత్సవమునాటి సభ యుండును. ఎచటనో ఒక అటకపై ఒక మంచి కథ కట్ట విప్పువారి కొఱకు కాచుకొని యున్నది. ఇచట ముందు వరుసలో ఒక పిల్లవాడు దానికొఱకే కూర్చుండి యున్నాడు. ఆ యిరువురిని కలుపుటయే ఈ గ్రంథాలయము రాబోవు ఇరువదియైదు ఏండ్లకు పూనవలసిన వ్రతము.

సర్వేజనాః సుఖినోభవంతు.